ఇంట నిర్మించిన విమానం – దాని సంరక్షణ

ఆకాశంలో విహరించాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉన్నదే. మన ఇతిహాసంలోని పుష్పక విమానం తలచిన చోటికి సాగిపోయేది. ఎందరు ఎక్కినా అందులో మరొకరికి చోటు మిగిలే ఉండేదని పెద్దలు చెబుతారు. అయితే ఆ పుష్పకానికి కందెన వేసిన వారెవరో, దాని శీలలు ఊడిపోకుండా చూసిన వారెవరో ఏ కథకుడూ చెప్పలేదు. కవుల కల్పనలో పుట్టిన విమానానికి మరమ్మతు అక్కరలేదు. మనుషుల చేతుల్లో పుట్టిన విమానం మాత్రం సంరక్షణ లేకుండా క్షేమంగా ఎగరలేదు.

విమానాలు పెద్ద పెద్ద కర్మాగారాలలో, వందలాది నిపుణుల చేతుల మీదుగా మాత్రమే తయారవుతాయని సాధారణంగా అందరూ భావిస్తారు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సామాన్య పౌరులు వేల సంఖ్యలో తమ ఇళ్ళలో, కారు షెడ్లలో సొంతంగా విమానాలను నిర్మించుకొని నడుపుతున్నారు. వారిలో కొందరు విమానాల కోసం ప్రత్యేకంగా చేసిన ఖరీదైన ఇంజను కొనక, కారు ఇంజనునే తగిన మార్పులతో విమానానికి అమర్చుకొంటారు. అటువంటి విమానాన్ని నిర్మించడం ఘనకార్యమే. అయితే నిర్మాణం ఏనాటికో ఒకనాటికి పూర్తి అవుతుంది. సంరక్షణ మాత్రం ఆ విమానం ఎగిరినంత కాలం సాగవలసిందే. నిర్మాతకు నిజమైన పరీక్ష అక్కడే ఉంది.

తొలి అడుగులు

ఇంట నిర్మించిన విమానాల చరిత్ర విమాన చరిత్రతోపాటే మొదలైంది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో సైకిళ్ళ దుకాణం నడుపుకొనే ఆర్విల్ రైట్, విల్బర్ రైట్ సోదరులు తమ యంత్రానికి తేలికైన ఇంజను కావాలని మోటారు వాహనాల తయారీదారులకు లేఖలు రాశారు. వారి అవసరానికి తగినది దొరకలేదు. అప్పుడు వారి దుకాణంలో పనిచేసే చార్లెస్ టేలర్ అనే మెకానిక్ సుమారు ఆరు వారాలలో నాలుగు సిలిండర్ల ఇంజనును తయారు చేశాడు. దాని శక్తి దాదాపు 12 అశ్వశక్తులు.

1903 నవంబరులో కిట్టీ హాక్ సమీపాన ఆ ఇంజనును నేలమీదనే నడిపి పరీక్షిస్తుండగా ప్రొపెల్లరును తిప్పే గొట్టపు ఇరుసులో పగులు కనిపించింది. శీతకాలం ముంచుకొస్తున్నది. పగులు చిన్నదే కదా అని సోదరులు దానిని ఉపేక్షించలేదు. ఆర్విల్ వందల మైళ్ళు ప్రయాణించి డేటన్‌కు తిరిగి వెళ్ళి, గొట్టపు ఇరుసులకు బదులు గట్టి ఉక్కు కడ్డీలతో కొత్త ఇరుసులు చేయించుకొని డిసెంబరు 11న తిరిగి వచ్చాడు. డిసెంబరు 17న మానవుడు తొలిసారిగా యంత్రశక్తితో, తన అదుపులో ఉన్న విమానంలో ఎగిరాడు. మొదటిసారి గాలిలో నిలిచినది 12 సెకన్లు మాత్రమే. ఆ 12 సెకన్లను లోకం జ్ఞాపకం ఉంచుకొంది. వాటి వెనుక నేలమీద పగులును గుర్తించిన చూపును, పనిని ఆపివేసి వెనుకకు వెళ్ళిన ఓర్పును మాత్రం అంతగా తలచుకోదు.

ఆ తరువాత పాతికేళ్ళకు మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ మరొక సాహసం చేశాడు. విమానం ధనవంతుల సొత్తుగా మిగిలిపోరాదని, పల్లెటూళ్ళలో దొరికే సామగ్రితోనే దానిని నిర్మించవచ్చునని అతడు నమ్మాడు. కర్రతో చట్రం చేసి, దానికి గుడ్డ కప్పి, ఇద్దరు కూర్చొనే చిన్న విమానాన్ని రూపొందించాడు. దానికి ఎయిర్ క్యాంపర్ అని పేరు. 1929లో దానికి ఫోర్డు మోడల్ ఏ కారు ఇంజనును అమర్చి ఎగిరాడు. ఆ ఇంజను నిమిషానికి 2200 సార్లు తిరిగినపుడు 40 అశ్వశక్తులను ఇచ్చేది. అంత తక్కువ వేగంతో తిరిగేది కనుకనే దానికి ప్రొపెల్లరును నేరుగా బిగించడం సాధ్యమయింది. కారు ఇంజనుతో విమానం నడవదని వాదించిన పత్రికా సంపాదకుని ఎదుటనే తన విమానాలను ఎగిరించి చూపి అతడు ఆ సందేహాన్ని తీర్చాడు. ఆ విమాన నిర్మాణ చిత్రపటాలు 1932లో అచ్చయ్యాయి. నేటికీ వాటిని అనుసరించి విమానాలు కట్టుకొంటున్న వారున్నారు.

అనంతర కాలంలో జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్, అమెరికాకు చెందిన షెవ్రొలే కోర్వేర్, జపాన్‌కు చెందిన సుబారు మొదలైన కార్ల ఇంజన్లు ఈ మార్గంలో విమానాలకు ఎక్కాయి.

కారు ఇంజను – విమాన ఇంజను

సంరక్షణ విధానం అర్థం కావాలంటే ముందుగా ఈ రెండు ఇంజన్ల స్వభావ భేదాన్ని గ్రహించాలి. ఇంటి అవసరాలకు నీళ్ళు మోయడం అలవాటైన మనిషిని పందెంలో పరుగెత్తమంటే అతని దేహం వేరొక విధంగా అలసిపోతుంది. కారు ఇంజను విమానానికి ఎక్కినపుడు కూడా అదే జరుగుతుంది.

మొదటి భేదం శ్రమకు సంబంధించినది. సమతలమైన రహదారిపై పోయే కారు తన ఇంజను శక్తిలో కొద్ది భాగాన్ని మాత్రమే ఉపయోగించుకొంటుంది. విమానం నేల విడిచేటపుడు పూర్తి శక్తి కావాలి. ఆ తరువాత కూడా గంటల తరబడి దాదాపు మూడు వంతుల శక్తితో నడవాలి. మధ్యలో విశ్రాంతి ఉండదు.

రెండవ భేదం వేగానికి సంబంధించినది. ఆధునికమైన కారు ఇంజను నిమిషానికి ఐదు వేలు, ఆపైన తిరిగినపుడు తన పూర్తి శక్తిని చూపుతుంది. ప్రొపెల్లరు అంత వేగంగా తిరగరాదు. ఒక చిన్న లెక్కతో ఈ సంగతి బోధపడుతుంది. 1.8 మీటర్ల వ్యాసం గల ప్రొపెల్లరు నిమిషానికి 2500 సార్లు తిరిగితే దాని కొన సెకనుకు సుమారు 235 మీటర్ల వేగంతో కదులుతుంది. 5000 సార్లు తిరిగితే ఆ వేగం సుమారు 470 మీటర్లు అవుతుంది. గాలిలో ధ్వని వేగం సుమారు 340 మీటర్లు. కొన ధ్వని వేగాన్ని సమీపించేసరికి ప్రొపెల్లరు రొద పెరుగుతుంది, విమానాన్ని లాగే సామర్థ్యం తరుగుతుంది. కనుక అటువంటి ఇంజనుకు, ప్రొపెల్లరుకు మధ్య వేగాన్ని తగ్గించే గేర్లనో బెల్టునో అమర్చాలి. ఇంజనులోని ప్రతి పేలుడూ ఒక కుదుపై ఆ గేర్లను తాకుతుంది. సరిగా కుదరని జోడీలో ఆ కుదుపులు కూడుకొని ఉక్కును సైతం విరిచివేయగలవు.

ప్రొపెల్లరును నేరుగా బిగించిన ఇంజన్లలో మరొక చిక్కు ఉంది. విమానం మలుపు తిరిగినపుడు, పైకి లేచినపుడు తిరుగుతున్న ప్రొపెల్లరు బొంగరంవలె తన దిశను మార్చుకోవడానికి ఎదురు తిరుగుతుంది. ఆ వంపు భారమంతా ఇంజనులోని క్రాంక్ షాఫ్ట్‌పై పడుతుంది. కారులో దానికి ఇటువంటి భారం ఉండదు. కోర్వేర్ ఇంజన్లను విమానాలకు అమర్చిన వారు క్రాంక్ షాఫ్ట్ విరిగిన అనుభవాల నుండి పాఠం నేర్చుకొని, ప్రొపెల్లరు వైపున అదనంగా మరొక బేరింగును అమర్చే పద్ధతిని ఏర్పరచుకొన్నారు.

మూడవ భేదం నిప్పురవ్వకు సంబంధించినది. సంప్రదాయ విమాన ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండు స్పార్కు ప్లగ్గులుంటాయి. వాటికి విద్యుత్తును అందించే మాగ్నెటోలు కూడా రెండు. అవి బ్యాటరీతో పనిలేకుండా నడుస్తాయి. ఒకటి చెడినా రెండవది ఇంజనును నడిపిస్తుంది. కారు ఇంజనులో సాధారణంగా సిలిండరుకు ఒకే ప్లగ్గు. నిప్పురవ్వ కోసం, కొత్త ఇంజన్లలో పెట్రోలు పంపు కోసం సైతం అది బ్యాటరీపై ఆధారపడుతుంది. ఒక తీగ తెగితే చాలు, ఇంజను మూగబోతుంది. అందుచేత వివేకవంతుడైన నిర్మాత రెండవ బ్యాటరీని, రెండవ పంపును, వాటికి వేర్వేరు తీగల మార్గాలను ఏర్పరచుకొంటాడు.

నాలుగవది చల్లబరిచే విధానం. సంప్రదాయ విమాన ఇంజన్లు చాలావరకు ఎదురుగాలితోనే చల్లబడతాయి. కారు ఇంజన్లలో ఎక్కువ వాటికి రేడియేటరు, నీటి పంపు, రబ్బరు గొట్టాలు, వాటిని పట్టి ఉంచే క్లిప్పులు అవసరం. ఒక క్లిప్పు వదులైతే నీరు కారిపోతుంది. నీరు పోయిన కొద్ది నిమిషాలలోనే ఇంజను కాగిపోతుంది.

ఇక్కడ ఒక సత్యాన్ని గుర్తుంచుకోవాలి. కారు ఇంజను తనంతట తాను బలహీనమైనది కాదు. లక్షలాది వాహనాలలో పరీక్షకు నిలిచిన యంత్రమది. ఎక్కువగా మోసం చేసేవి దాని లోపలి భాగాలు కావు, దానిని విమానానికి కలిపిన అతుకులు. గొట్టం, తీగ, క్లిప్పు, గేరు పెట్టె, ఇంధన నాళం ఇవన్నీ నిర్మాత తన ఊహతో, తన చేతితో అమర్చినవి. వాటి బాగోగులు చెప్పే కంపెనీ పుస్తకం ఎక్కడా దొరకదు. దానిని రాసుకోవలసినవాడు నిర్మాతయే. రహదారిపై కారు ఆగిపోతే చెట్టునీడన నిలిపి సహాయం కోసం ఎదురుచూడవచ్చు. ఆకాశంలో చెట్టునీడ లేదు. ఇంజను ఆగిన విమానం గాలిపై జారుతూ, దొరికిన మైదానంలో దిగవలసిందే. మైదానం దొరకకపోతే ఆ పొరపాటుకు మూల్యం ప్రాణమే కావచ్చు.

నిత్య పరిశీలన

ఆయుర్వేదం రోగిని బాగుచేయడంతోపాటు ఆరోగ్యవంతుని ఆరోగ్యాన్ని కాపాడడం కూడా వైద్యుని ధర్మమని చెబుతుంది. అందుకోసం దినచర్య, ఋతుచర్య అనే నియమాలను విధించింది. విమాన సంరక్షణ కూడా సరిగా ఇటువంటిదే. చెడిన తరువాత చేసేది చికిత్స. చెడకముందే చూసేది సంరక్షణ. గగనయానంలో చికిత్సకు వ్యవధి ఉండదు కనుక సంరక్షణే శరణ్యం.

ప్రతి ప్రయాణానికి ముందు పైలట్ విమానం చుట్టూ ఒక క్రమంలో తిరిగి పరిశీలిస్తాడు. ఏనాడూ ఆ క్రమం తప్పడు. క్రమం తప్పితే ఏదో ఒక అంశం మరుగున పడుతుంది. ముందుగా ఇంజను స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయని నిర్ధారించుకొంటాడు. ఆ తరువాతనే ప్రొపెల్లరు దగ్గరకు పోతాడు. దాని అంచు వెంబడి వేళ్ళతో తడిమి చూస్తాడు. చిన్న రాయి తగిలి పడిన గంటు సైతం తిరిగే వేగంలో పగులుగా మారవచ్చు.

తరువాత ఇంధనం. ట్యాంకు అడుగున ఉన్న మూత నుండి కొద్దిగా పెట్రోలును గాజుపాత్రలోకి పట్టి వెలుతురులో చూస్తాడు. నీరు పెట్రోలు కన్నా బరువైనది కనుక అది పాత్ర అడుగున బుడగవలె నిలుస్తుంది. ఆ బుడగ కనిపించకుండా పోయేవరకు పట్టి పారబోయాలి. అమెరికాలో కార్ల కోసం అమ్మే పెట్రోలులో తరచుగా ఇథనాల్ కలిసి ఉంటుంది. అది తేమను పీల్చుకొంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, సీళ్ళను పాడుచేస్తుంది. కనుక కారు పెట్రోలు వాడే విమానంలో గొట్టాలు మెత్తబడ్డాయా, ఉబ్బాయా, బీటలు వారాయా అని మరింత శ్రద్ధగా చూడాలి.

ఇంజను చల్లగా ఉన్నపుడే రేడియేటరు నీటిమట్టాన్ని, ఆయిలు మట్టాన్ని చూడాలి. ఇంజను కింద నేలపై ఏదైనా చుక్క పడి ఉన్నదా అని పరికించాలి. ఆ చుక్క నీరా, ఆయిలా, పెట్రోలా అన్నది రంగు, వాసన చెబుతాయి. గాలి లోనికి పోయే దారులలో పక్షులు గూడు కట్టలేదు కదా అని తొంగిచూడాలి. ఒకటి రెండు రోజులు నిలిపి ఉంచిన విమానంలో గూడు కట్టే పక్షులు లేకపోలేదు. గడ్డిపోచలు గాలికి అడ్డుపడితే ఇంజను వేడెక్కుతుంది, ఆ గడ్డి అంటుకొనే ప్రమాదమూ ఉంది.

నేల విడవడానికి ముందు ఇంజనును కొంత వేగంతో నడిపి, నిప్పురవ్వ ఏర్పాట్లు రెండు ఉంటే ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షిస్తారు. ఒకటి ఆపినపుడు ఇంజను వేగం కొద్దిగా తగ్గి నిలకడగా ఉండాలి. ఇంజను పూర్తిగా ఆగిపోతే రెండవది పనిచేయడం లేదని అర్థం. ఎప్పుడూ పరీక్షించని రెండవ బ్యాటరీ లేనిదానితో సమానం.

నియమిత కాల పరిశీలన

విమాన ఇంజను వయస్సును నడిచిన గంటలతో లెక్కిస్తారు. నిర్మాత తన ఇంజను స్వభావాన్ని బట్టి 25 గంటలకో, 50 గంటలకో ఒకసారి ఆయిలు మారుస్తాడు. ఆయిలు మార్చడం ఏ కారు మెకానిక్ అయినా చేస్తాడు. విమానం విషయంలో మరొక పని ఉంది. తీసిన ఆయిలు ఫిల్టరును పారవేయక, దానిని కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి చూస్తారు. ఆ మడతలలో మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెడతారు. అయస్కాంతానికి అంటుకొంటే అది ఇనుము లేదా ఉక్కు. గేరో, పిస్టను రింగో అరుగుతున్నదని అనుమానించాలి. అంటుకోకపోతే అల్యూమినియమో, బేరింగు లోహమో కావచ్చు. ఇంజను తన లోపలి బాధను మొదట ఆ చిటికెడు రజనుతోనే తెలియజేస్తుంది.

స్పార్కు ప్లగ్గులు కూడా ఇటువంటి సాక్ష్యమే చెబుతాయి. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే సిలిండరు ఆరోగ్యంగా ఉందని భావించవచ్చు. నల్లని పొడిమసి పట్టితే పెట్రోలు ఎక్కువవుతున్నదని, తెల్లగా మాడినట్లుంటే పెట్రోలు చాలక వేడి పెరుగుతున్నదని, జిడ్డుగా ఉంటే లోపలికి ఆయిలు చేరుతున్నదని గ్రహించాలి.

సిలిండరు బిగువును పరీక్షించే పద్ధతి ఇంకా ఆసక్తికరమైనది. పిస్టనును పై అంచున నిలిపి, సిలిండరులోకి ఒత్తిడితో గాలిని పంపి, అందులో ఎంత నిలుస్తున్నదో కొలుస్తారు. ఎంతోకొంత గాలి బయటికి పోవడం సహజం. ఎక్కువగా పోతే అది ఎక్కడి నుండి పోతున్నదో చెవిపెట్టి వింటారు. పొగగొట్టంలో బుస వినిపిస్తే పొగను పంపే వాల్వులో లోపం. కార్బురేటరు వైపు వినిపిస్తే గాలిని పీల్చే వాల్వులో లోపం. ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టను రింగుల అరుగుదల. రేడియేటరు నీటిలో బుడగలు వస్తే సిలిండరు మూత కింది గాస్కెట్ చెడిందన్నమాట. నాడి పట్టి రోగ స్థానాన్ని ఊహించే వైద్యునివలె మెకానిక్ ఇక్కడ శబ్దాన్ని బట్టి లోపం ఉన్న చోటును కనిపెడతాడు.

నట్టులు, బోల్టుల విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఇంజను అదురు వాటిని క్షణక్షణమూ విప్పడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. చేతి అంచనాతో పానా తిప్పితే చాలదు. నిర్ణీతమైన బిగువును చూపే టార్కు రెంచితో బిగించాలి. ఆపైన బోల్టు తలలోని రంధ్రం గుండా సన్నని తీగను దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకు కడతారు. ఒక బోల్టు వదులు కాబోతే ఆ తీగ రెండవ బోల్టును బిగించే వైపు లాగే విధంగా ఆ కట్టు ఉంటుంది. కొన్ని చోట్ల నట్టుపై నుండి పక్క భాగం మీదికి ఒక రంగు గీత గీస్తారు. గీత రెండుగా చీలి కనిపిస్తే నట్టు కదిలిందని దూరం నుండే తెలిసిపోతుంది.

ఇక ఋతుచర్య. కర్ర ప్రొపెల్లరు గాలిలోని తేమకు ఉబ్బుతుంది, పొడి వాతావరణానికి కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయినపుడు దాని బోల్టులు వదులవుతాయి. కనుక కాలం మారినపుడల్లా వాటి బిగువును సరిచూడాలి. మిన్నెసోటా వంటి చలి ప్రదేశాలలో రేడియేటరు నీటిలో గడ్డకట్టని ద్రవాన్ని తగిన పాళ్ళలో కలపాలి. వేసవిలో గొట్టాలలోని పెట్రోలు వేడికి ఆవిరై దారిని మూసివేయకుండా ఇంధన నాళాలను పొగగొట్టాలకు దూరంగా ఉంచాలి. గాలిలో తేమ అధికంగా ఉన్న రోజులలో, చలి లేకపోయినా, కార్బురేటరు లోపల మంచు పేరుకోవచ్చు. పెట్రోలు ఆవిరి అయ్యేటపుడు చుట్టూ ఉన్న వేడిని లాగివేయడం అందుకు ప్రధాన కారణం. ఆ మంచును కరిగించడానికి వేడిగాలిని పంపే ఏర్పాటు సక్రమంగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి.

చట్టం – వార్షిక పరీక్ష

అమెరికా విమానయాన నిబంధనల ప్రకారం విమాన నిర్మాణంలో అధిక భాగాన్ని సామాన్యులు తమ విద్యకోసం, వినోదంకోసం స్వయంగా చేసి ఉండాలి. అటువంటి విమానానికి ప్రయోగాత్మకం అనే వర్గంలో అనుమతి లభిస్తుంది. ఆ మాట విమానంపై అందరికీ కనిపించేలా రాయాలి. సాధారణ విమానాలకు విధించిన ప్రమాణాలను ఇది పాటించదని ప్రయాణికునికి తెలిపే హెచ్చరిక లోపల ఉండాలి. కిరాయికి ప్రయాణికులను ఎక్కించుకోరాదు. కొత్త విమానాన్ని నిర్ణీత ప్రాంతంలో మాత్రమే నడిపి పరీక్షించాలి. ధ్రువీకరణ పొందిన ఇంజను, ప్రొపెల్లరు జోడీ ఉన్న విమానానికి ఈ పరీక్షాకాలం సాధారణంగా 25 గంటలు. కారు ఇంజను వంటి ధ్రువీకరణ లేని ఇంజను గల విమానానికి 40 గంటలు. ఈ కాలంలో ప్రయాణికులను తీసుకుపోరాదు.

ప్రతి 12 నెలలకొకసారి విమానాన్ని సమగ్రంగా పరీక్షించాలి. ఈ విషయంలో చట్టం నిర్మాతకు ఒక గొప్ప గౌరవాన్ని ఇచ్చింది. విమానాన్ని ప్రధానంగా నిర్మించిన వ్యక్తి దరఖాస్తు చేసుకొంటే, ఆ విమానానికి మాత్రమే వర్తించే ధ్రువపత్రాన్ని పొంది, ఈ వార్షిక పరీక్షను తానే నిర్వహించి సంతకం చేయవచ్చు. ఆ విమానాన్ని కొనుక్కొన్న వ్యక్తికి ఈ హక్కు సంక్రమించదు. అతడు అర్హత గల మెకానిక్‌తోనో, మొదటి నిర్మాతతోనో పరీక్ష చేయించుకోవచ్చు.

వార్షిక పరీక్షలో మూతలన్నీ తొలగిస్తారు. అద్దంతో, దీపంతో ప్రతి మూలనూ చూస్తారు. కర్ర చట్రంలో నీరు నిలిచే చోట్లు పుచ్చిపోయాయా, జిగురు అతుకులు విడిపోయాయా, పై గుడ్డలో బలం తగ్గిందా అని పరిశీలిస్తారు. రెక్కలనూ తోకనూ కదిలించే ఉక్కు తాళ్ళ వెంబడి గుడ్డను నడిపిస్తారు. తెగిన పోగు ఉంటే గుడ్డ దానికి తగులుకొంటుంది. రేడియేటరునో బ్యాటరీనో మార్చి ఉంటే విమానాన్ని తిరిగి తూచి, దాని గరిమనాభి ఎక్కడ ఉన్నదో లెక్కకడతారు.

హక్కుతోపాటే ఒక ప్రమాదం కూడా ఉంది. తన బిడ్డలో లోపం తల్లికి కనిపించనట్లే తన నిర్మాణంలో దోషం నిర్మాతకు కనిపించదు. తాను బిగించిన నట్టు బిగువుగానే ఉంటుందని మనస్సు ముందే తీర్పు చెబుతుంది. కన్ను ఆ తీర్పునే బలపరుస్తుంది. అందువల్ల అనుభవజ్ఞులు మరొకరిని పిలిచి చూపించుకొంటారు. 1953లో ఏర్పడిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంస్థలో ఇటువంటి సలహాలిచ్చే స్వచ్ఛంద సేవకులున్నారు. వారు నిర్మాత ఇంటికే వచ్చి పనిని పరిశీలిస్తారు. విమర్శను స్వీకరించలేనివాడు విమానాన్ని నిర్మించగలడేమో గాని కాపాడుకోలేడు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించిన అధ్యయనం తెలియజేస్తున్నది. ఆ దేశంలోని చిన్న విమానాలలో ఇంట నిర్మించినవి దాదాపు 10 శాతం. 2011లో చిన్న విమానాలకు జరిగిన ప్రమాదాలలో మాత్రం వీటి వాటా సుమారు 15 శాతం. ప్రాణాపాయం కలిగిన ప్రమాదాలలో 21 శాతం. ఇంజను, దాని అనుబంధ భాగాలు విఫలం కావడం ప్రధాన కారణాలలో ఒకటి. ఆ సంవత్సరం ప్రమాదానికి గురైన ఇటువంటి విమానాలలో సగానికి పైగా, నడుపుతున్నవారు నిర్మించినవి కావు, ఇతరుల నుండి కొన్నవి.

లాగ్‌బుక్

ఈ చివరి సంగతి ఆలోచింపజేస్తుంది. విమానం చేతులు మారినపుడు రెక్కలు, ఇంజను కొత్త యజమానికి చేరుతాయి. నిర్మాత జ్ఞాపకాలు చేరవు. ఏ గొట్టాన్ని ఏ కారు నుండి తెచ్చి అమర్చాడో, ఏ తీగ ఎక్కడికి పోతున్నదో, ఏ భాగం ఎన్ని గంటలకు మార్చాలో అతని మనస్సులోనే ఉండిపోతే ఆ విమానం కొత్తవానికి చిక్కుముడి అవుతుంది. దానికి పరిష్కారం లాగ్‌బుక్.

లాగ్‌బుక్ అంటే విమానపు దినచర్య గ్రంథం. చేసిన పని, చేసిన తేదీ, అప్పటికి ఇంజను నడిచిన గంటలు, వాడిన భాగం వివరం, చేసినవారి సంతకం అందులో ఉండాలి. సిలిండరు బిగువు ఈ ఏడాది ఎంత అన్నది ఒక్క అంకె మాత్రమే. ఐదేళ్ళ అంకెలు వరుసగా చూసినపుడు అది ఒక కథ చెబుతుంది. నెమ్మదిగా దిగజారుతున్న అంకె రాబోయే ఆపదను ముందే సూచిస్తుంది. మరచిపోవడం మానవ సహజం. కాగితం మరచిపోదు. తన విమానంలో రేపు కూర్చొనే అపరిచితునికి నిర్మాత రాసే ఉత్తరమే ఈ పుస్తకం అనడంలో అతిశయోక్తి లేదు.

ముగింపు

ఇంట విమానాన్ని నిర్మించడం స్వేచ్ఛకు చిహ్నం. ఆ స్వేచ్ఛను చట్టం ఇచ్చింది. ఆ స్వేచ్ఛను నిలబెట్టేది మాత్రం చట్టం కాదు, ఎవరూ చూడని వేళ షెడ్డులో దీపం పట్టుకొని బోల్టులను ఒక్కొక్కటిగా పరీక్షించే మనిషి నిజాయితీ. ఆకాశం నిర్మలంగా ఉంది, మిత్రుడు పక్క సీటులో కూర్చోవడానికి సిద్ధంగా వచ్చాడు. అటువంటి సమయంలో గొట్టం చివర ఒక్క నీటి చుక్క కనిపిస్తే, "ఈ రోజు ఎగరడం లేదు" అని చెప్పగలగాలి. ఆ మాట పలకడానికి ఎగరడానికి కావలసినంత ధైర్యమూ కావాలి.

చెర్రీ గ్రోవ్‌లో పీటెన్‌పోల్ తన విమానాలను ఉంచుకొన్న షెడ్డును తరువాతి తరాలవారు విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌కు తరలించి భద్రపరిచారు. కార్లు బాగుచేసే ఒక పల్లె మెకానిక్ కర్రతో, గుడ్డతో, కారు ఇంజనుతో సామాన్యునికి ఆకాశపు వాకిలి తెరిచాడని ఆ షెడ్డు గుర్తు చేస్తుంది. ఆ వాకిలి గుండా వెళ్ళినవారు క్షేమంగా తిరిగి రావాలంటే, 1903లో చిన్న పగులును చూసి వెనుదిరిగిన ఆర్విల్ రైట్ ఓర్పు కూడా వారితో ఉండాలి. చేతితో చేసిన దేనినైనా కంటితో కాపాడుకోవాలి. విమానానికే కాదు, మనిషి నిర్మించుకొనే ప్రతిదానికీ ఈ నియమం వర్తిస్తుంది.